ఫలానా, ఫులానో: స్పానిష్‌కి మొదటి సబక్

‘ఫలానా’ అనే లఫ్జ్ తెలియని తెలుగువాడు ఉండడు. ఫలానా వాళ్లబ్బాయి, ఫలానా ఊరు, ఫలానా ఆఫీసు అని రోజుకి పదిసార్లు అంటాం. ఇది ఉర్దూలోంచి తెలుగులోకి వచ్చిన మాట. ఉర్దూకి అరబీ ‘ఫులాన్’ నుంచి వచ్చింది. అదే ఫులాన్ ఇంకో దారి పట్టి, మగ్రిబ్ మీదుగా సముద్రం దాటి, స్పెయిన్‌లో ‘ఫులానో’ అయింది. మాద్రిద్‌లో అయినా మెక్సికోలో అయినా పేరు చెప్పకుండా ఒక మనిషి గురించి మాట్లాడాలంటే ఇవాళ్టికీ ఫులానో అనే అంటారు. అంటే జనాబ్, స్పానిష్‌లో ఒక మాట మీకు ఇప్పటికే వచ్చు.

‘స్పానిష్ నేర్చుకుందామనుకుంటున్నా, ఒక్క ముక్క రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని అడిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈమధ్య ఎక్కువయ్యారు. ఒకరికి పైచదువు, ఒకరికి నౌకరీ, ఒకరికి ఊరికే షౌఖ్. ఫోన్‌లో ఆప్ పెట్టుకోండి, రోజుకి ఇరవై మాటలు బట్టీ పట్టండి అని చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. పట్టండి, కాదనను. కానీ దానికంటే ముందు ఇంకో దారి ఉంది. మన నోట్లో ఉన్న మాటలతో మొదలుపెట్టి, అవి అక్కడికి ఎట్లా చేరాయో తెలుసుకుంటూ పోవడం. ఆ దారిలో పోతే ‘స్పానిష్ నేర్చుకోవడం’ అనే పనికే ఒక చరిత్ర ఉందని తెలుస్తుంది. ఆ చరిత్రలో మొట్టమొదటి షాగిర్దులు ఎవరో కూడా తెలుస్తుంది.

మొదటి సబక్: ఇంట్లో ఉన్న మాటలు

క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ ఫౌజ్ జలసంధి దాటింది. ఆయన దిగిన కొండ ‘జబల్ తారిఖ్’, నేటి జిబ్రాల్టర్. అప్పటి నుంచి 1492లో గ్రనాడా పోయేదాకా, సుమారు 780 ఏళ్లు, ఆ ముల్క్‌లో ఎక్కడో ఒకచోట ముస్లిం సల్తనత్ ఉంటూనే వచ్చింది. అంతకాలం పక్కపక్క గలీల్లో బతికిన జబాన్‌లు ఒకదాని మాటలు ఒకటి తీసుకోకుండా ఉంటాయా?

ఇంటి అద్దె చూడండి. మనం కిరాయి అంటాం. అరబీలో ‘అల్ కిరా’. స్పానిష్‌లో అద్దె ‘అల్కిలేర్’. మన దివాను అక్కడ ‘అదువానా’, అంటే కస్టమ్స్ ఆఫీసు. ఉర్దూలో ‘సిఫర్’ అంటే సున్నా, అక్కడ ‘సేరో’ సున్నా, ‘సీఫ్రా’ అంకె. జాఫ్రాన్ అక్కడ ‘అసాఫ్రాన్’. షత్రంజ్ ‘అఖెద్రెస్’. ఉర్దూలో ‘హత్తా కె’ అంటామే, ఆ ‘హత్తా’ అక్కడ ‘ఆస్తా’ అయింది. ‘ఆస్తా మఞానా’ అంటే ‘రేపటిదాకా’, మళ్లీ రేపు కలుద్దాం అని.

కొన్ని మాటలైతే మన వైపు నుంచే బయల్దేరాయి. మన నారింజ, అక్కడి ‘నరాంఖా’ ఒకే ఇంటి బిడ్డలు. సంస్కృతంలో నారంగం, ఫార్సీలో నారంగ్, అరబీలో నారంజ్, అక్కణ్నుంచి స్పెయిన్. మన చక్కెర ప్రాకృతం నుంచి మనకి వచ్చింది. అదే మాట షకర్, సుక్కర్ అవుతూ పోయి అక్కడ ‘అసూకర్’ అయింది. పుచ్చకాయని స్పానిష్‌లో ‘సందీయా’ అంటారు. సందీయా అంటే ‘సింధ్‌ది’ అని. మాద్రిద్‌లో పుచ్చకాయ కొనే ఆసామి తనకి తెలియకుండానే సింధ్ పేరు పలుకుతున్నాడన్నమాట.

ఇంకో మూట పుర్తుగాలీల చేతుల మీదుగా మనకి వచ్చింది. పోర్చుగీసు, స్పానిష్ అక్కచెల్లెళ్లు. వాళ్ల ఓడలు మన తీరాలకి తెచ్చిన మాటల్లో మేస్త్రీ, అల్మారా, తువాలు ఉన్నాయి. స్పానిష్‌లో ఇవి మాయెస్త్రో, అర్మారియో, తొఆయా. అక్కడ మాయెస్త్రో అంటే బడిపంతులు కూడా.

కాగితం తీసుకుని ఇవన్నీ రాసుకుంటే పది మాటలు దాటతాయి. మొదటి వారానికి అది చాలు.

ఒక హకీకత్ ఇక్కడే చెప్పుకోవాలి. అరబీ నుంచి వచ్చిన మాటలు, వాటినుంచి పుట్టినవి, ఊళ్ల పేర్లు అన్నీ కలిపితే స్పానిష్‌లో 4 వేల దాకా ఉంటాయని పండితులు లెక్కగడతారు. అది చిన్న సంఖ్య కాదు. అయినా స్పానిష్ లాతీనీ బిడ్డే. దాని వ్యాకరణం లాతీనీది, రోజూ వాడే మాటల్లో ఎక్కువ భాగం లాతీనీవి. గొప్పకోసం ప్రతిదాన్నీ మన ఖాతాలో రాసుకుంటే నష్టం మనకే. ‘ఉస్తేద్’ అంటే ‘మీరు’. అది ‘ఉస్తాద్’ నుంచి వచ్చిందని చాలామంది సంబరపడతారు. కాదు. ‘తమరి దయ’ లాంటి అర్థం ఉన్న ‘వ్వెస్త్రా మెర్సేద్’ అనే పాత మర్యాద మాట అరిగి అరిగి ఉస్తేద్ అయింది.

రెండో సబక్: అర్థం మారిన మాటలు

మాట వచ్చినంత మాత్రాన ఇజ్జత్ కూడా వెంట రాదు. ఖాజీ అక్కడ ‘అల్కాల్దే’ అయ్యాడు, ఇప్పుడు దాని అర్థం మేయర్. ఫర్వాలేదు, పెద్ద పదవే. మరి వజీర్? ‘అల్ వజీర్’ కాస్తా ‘అల్గ్వాసిల్’ అయ్యి కోర్టు జవాను స్థాయికి దిగాడు. మిస్కీన్ అంటే మనకి పాపం బీదవాడు. అక్కడ ‘మెస్కీనో’ అంటే పిసినారి, నీచబుద్ధి గలవాడు. బీదవాడి మీద జాలి పోయి తిట్టు మిగిలింది.

అన్నిటికంటే గుచ్చుకునేది ‘అల్గరబీయా’. అది ‘అల్ అరబియ్యా’, అంటే అరబీ భాష. స్పానిష్‌లో దాని అర్థం అర్థంపర్థం లేని గోల, అరుపుల కలకలం. ఒక ఖౌమ్ మాదరీ జబాన్ ఇంకొకరి చెవికి ఇట్లా వినిపించింది. మన ఊళ్లలో ఉర్దూని ‘తురకం’ అని ఎగతాళి చేయడం విన్నవాళ్లకి ఈ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు.

న్యాయంగా రెండో వైపు కూడా చూడాలి. అరబీవాళ్లు స్థానికుల జబాన్‌ని ‘అజమియ్యా’ అన్నారు, పరాయిది, మాట సరిగ్గా రానివాళ్లది అని. హుకూమత్ చేతిలో ఉన్నప్పుడు ముస్లిం పాలకులూ జుల్మ్ చేశారు. 1126లో మురాబితూన్ పాలకులు గ్రనాడా ఈసాయీల్ని వేలల్లో మరాకిష్ వైపు వెళ్లగొట్టారు. అందలూస్ జన్నత్ కాదు, మనుషుల ముల్క్.

అదే ముల్క్‌లో మంచి పనులూ జరిగాయి. 1251లో కస్తీల్యా షాజాదా అల్ఫోన్సో ‘కలీలా వ దిమ్నా’ని అరబీ నుంచి తన జబాన్‌లోకి తర్జుమా చేయించాడని చెబుతారు. అది మరేదో కాదు, మన పంచతంత్రమే. కరటక దమనకులే పహ్లవీ మీదుగా అరబీకి వెళ్లి కలీలా దిమ్నా అయ్యారు. ఆ షాజాదా తర్వాత పదో అల్ఫోన్సోగా తఖ్త్ ఎక్కి, అరబీ లెక్కలు, నక్షత్ర శాస్త్రం, చదరంగం కితాబుల్ని యహూదీ, ఈసాయీ ఆలిమ్‌ల చేత రాయించాడు. అవామ్ మాట్లాడుకునే జబాన్‌లో ఇల్మ్ చెప్పవచ్చని స్పానిష్‌కి తెలిసింది ఆ తర్జుమాల కాలంలోనే.

మొదటి కితాబ్, మొదటి షాగిర్దులు

1492 జనవరి 2న గ్రనాడా లొంగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో సలమాంకాలో ఒక కితాబ్ అచ్చయింది. పేరు ‘కస్తీల్యా భాషా వ్యాకరణం’. రాసినవాడు ఆంతోనియో దె నెబ్రీఖా. స్పానిష్‌కి అచ్చులో వచ్చిన తొలి వ్యాకరణం అదే. అందులో ఐదో భాగం ప్రత్యేకంగా వేరే భాషవాళ్ల కోసం, అంటే ఏమీ రానివాళ్ల కోసం రాశాడు.

ఏమీ రానివాళ్లు అంటే ఎవరు? మలికా ఇసాబెల్‌కి రాసిన ముందుమాటలో ఆయనే చెప్పాడు. భాష, సల్తనత్ ఎప్పుడూ తోడుగానే నడుస్తాయని అన్నాడు. ఈ కితాబ్ దేనికి పనికొస్తుందని మలికా అడిగితే, అక్కడే ఉన్న ఆవిలా బిషప్ జవాబిచ్చాడని రాశాడు. ఆ జవాబు సారాంశం ఇది: మీరు ఎన్నో ఖౌమ్‌లని జయించి మీ కాడి కిందికి తెస్తారు, గెలిచినవాడి చట్టాల్ని, వాటితోపాటు గెలిచినవాడి భాషని వాళ్లు నేర్చుకోక తప్పదు, అప్పుడు ఈ కితాబ్ కావాలి. అంటే ‘స్పానిష్ ఎట్లా మొదలుపెట్టాలి’ అనే ప్రశ్నకి తొలి జవాబు ఓడిపోయినవాళ్ల కోసం తయారైంది.

ఆ బిషప్ పేరు ఎర్నాందో దె తలవేరా. ఆయన కథ అక్కడితో ఆగలేదు. గ్రనాడా ఫతహ్ తర్వాత అక్కడి తొలి ఆర్చిబిషప్ ఆయనే. అవామ్ మధ్యకి వెళ్లాక ఆయన వేరే దారి పట్టాడు. మీ ఫాదరీలే అరబీ నేర్చుకోండి అన్నాడు. ముసలితనంలో తానూ కొంత నేర్చుకున్నాడు. ఆయన చెప్పినందుకే పేద్రో దె అల్కలా అనే పాదిరి గ్రనాడా అరబీకి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. 1505లో రెండూ అచ్చయ్యాయి. గ్రనాడా ముస్లింలు తలవేరాని ప్రేమగా ‘పుణ్యాత్ముడైన ఫకీహ్’ అని పిలుచుకున్నారు.

కానీ మంచితనం చాలా నిదానంగా పనిచేస్తోందని పైవాళ్లకి అనిపించింది. 1499లో కార్డినల్ సిస్నేరోస్ గ్రనాడా వచ్చాడు. సుల్హ్‌నామాలో మజ్‌హబ్‌కి రక్షణ రాసిచ్చారు. అయినా జనానికి గుంపులుగా బాప్తిస్మం ఇచ్చారు. అరబీ కితాబుల్ని బీబ్ రంబ్లా మైదానంలో కాల్చారు. వైద్యం కితాబులు మాత్రం పనికొస్తాయని దాచుకున్నారు. 1502లో కస్తీల్యా ముస్లింలందరికీ హుకుం వచ్చింది, మారండి లేదా వెళ్లిపోండి అని. మారినవాళ్లని ‘మొరీస్కో’లు అన్నారు. తలవేరా ఆఖరి రోజుల్లో ఆయన మీదికి, ఆయన ఇంటివాళ్ల మీదికి కూడా మతవిచారణ వచ్చింది.

మూడేళ్ల గడువు

1567 జనవరి 1న గ్రనాడాలో రెండో ఫిలిప్ ఫర్మానా చదివారు. మొరీస్కోలకి మూడేళ్ల గడువు. ఆలోగా అందరూ కస్తీల్యా భాష నేర్చుకోవాలి. ఆ తర్వాత అరబీ మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు, బజార్లోనూ, ఇంట్లోనూ. బట్టలు, పేర్లు, హమామ్‌లు అన్నీ మారాలి.

ఒక్కసారి ఆలోచించండి. మనం ఆప్‌లో ‘రోజూ పది నిమిషాలు’ అని సెట్ చేసుకుంటాం. రెండు రోజులు తప్పితే ఏమీ కాదు. ఆ కొండపల్లెల్లో పట్టుపురుగులు పెంచుకునే ముసలమ్మకి మూడేళ్లలో కొత్త జబాన్ రాకపోతే, సొంత మనవడిని పిలిచినా జుర్మానా.

ఫ్రాన్సిస్కో నూఞెస్ ములేయ్ అనే మొరీస్కో పెద్దమనిషి గ్రనాడా న్యాయపీఠం అధ్యక్షుడు పేద్రో దె దేసాకి అర్జీ పెట్టాడు. అప్పటికే ఆయన వయసు పైబడినవాడు. అందులో ఆయన వాదన చాలా సాదాగా ఉంటుంది. మాల్టా ఈసాయీలు అరబీ మాట్లాడతారు, బైతుల్ ముఖద్దస్ వైపు ఈసాయీలూ మాట్లాడతారు, వాళ్ల ఈమాన్‌కి జబాన్ అడ్డం రాలేదు కదా అన్నాడు. పల్లెల్లో నేర్పేవాళ్లు లేరు, ముసలివాళ్లు బతుకంతా బడికి తిరిగినా కస్తీల్యా భాష రాదు అన్నాడు. వినలేదు. 1568 డిసెంబరులో అల్పుఖార్రా కొండల్లో తిరుగుబాటు లేచింది. 1571కల్లా అణిచేశారు. గ్రనాడా మొరీస్కోల్ని వేలకివేలు చలికాలంలో నడిపించి కస్తీల్యా నలుమూలలకీ చెదరగొట్టారు.

మూడో సబక్: సొంత లిపిలో రాసుకోవడం

అట్లని మొరీస్కోలు స్పానిష్ నేర్చుకోలేదా? నేర్చుకున్నారు. అరగోన్, కస్తీల్యాల్లో చాలామందికి అదే ఇంటి భాష అయిపోయింది, అరబీ మాట్లాడటం పోయింది. ఖురాన్ అక్షరాలు మాత్రం మిగిలాయి. వాళ్లేం చేశారంటే స్పానిష్‌ని అరబీ లిపిలో రాసుకున్నారు. దానికి ‘అల్ఖమియాదో’ అని పేరు, అదే ‘అజమియ్యా’ నుంచి వచ్చిన మాట. నమాజ్ పద్ధతులు, నబీల కిస్సాలు, తావీజులు, పెళ్లి కాగితాలు అన్నీ అందులోనే. 1884లో అరగోన్‌లోని అల్మొనాసిద్ దె లా సియేర్రా అనే ఊళ్లో పాత ఇల్లు పడగొడుతుంటే దొంగ నేల కింద దాచిన ఇలాంటి రాతప్రతుల గుట్ట బయటపడింది. దాచినవాడు మళ్లీ వచ్చి తీసుకుందామనుకునే దాచి ఉంటాడు.

ఈ లిపి మనకి పనికొచ్చే సబక్ చెప్తుంది. అరబీలో ‘ప’ లేదు, కాబట్టి ‘బ’ మీద షద్దా పెట్టారు. ‘ఎ’ లేదు, జబర్ పెట్టి పక్కన అలిఫ్ రాశారు. ‘ఞ’ కోసం నూన్ మీద షద్దా. మీరూ మొదటి నెల అట్లాగే స్పానిష్‌ని తెలుగు లిపిలో రాసుకోండి. ఎక్కడ మన అక్షరం సరిపోతుందో, ఎక్కడ సరిపోదో చేతికే తెలుస్తుంది.

చాలాచోట్ల సరిపోతుంది. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎప్పుడూ ఒకేలా పలుకుతాయి, ఇంగ్లిష్‌లా రంగులు మార్చవు. త, ద మన త, ద లాంటివే. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ అనకండి. రెండు ర్ర లు వస్తే మన పాత బండి ఱ లాగా గట్టిగా దొర్లించాలి. ‘ఎస్పాఞా’లో ఉన్నది మన ఞ. ఇక ‘నరాంఖా’లోని ఆ ఖ? అది తెలుగు ఖ కాదు, ‘ఖుదా’లో ఉర్దూవాళ్ల గొంతులోంచి వచ్చే ఖ. ఉర్దూ ఇంటి పిల్లలకి అది పుట్టుకతోనే వచ్చు. అయితే ఇది అరబీ నుంచి దిగిన ధ్వని కాదు, స్పానిష్ తనంతట తానే 16, 17 శతాబ్దాల్లో అటు మళ్లింది.

నాలుగో సబక్: వాక్యం

వాక్యంలోనూ కొంత చుట్టరికం దొరుకుతుంది. ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు కదా మనకి. అక్కడా అంతే: ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు. నువ్వు, మీరు తేడా ఉంది: తూ, ఉస్తేద్. ‘ఉండటం’ అనే పనికి వాళ్లకి రెండు క్రియలున్నాయని కొత్తవాళ్లు బెదిరిపోతారు. మనం ‘నేను విద్యార్థిని’ అంటాం, ‘ఇంట్లో ఉన్నాను’ అంటాం. మొదటిదానికి ‘సొయ్’, రెండోదానికి ‘ఎస్తొయ్’. వస్తువులకి ఆడ, మగ తేడా తెలుగువాళ్లకి వింత. కితాబ్ అచ్ఛీ, కమ్రా అచ్ఛా అని పెరిగినవాళ్లకి వింత కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ మాట చివర ‘ఓ’ వస్తే ఎక్కువగా మగ, ‘ఆ’ వస్తే ఎక్కువగా ఆడ.

ఎక్కడైనా మాట పుట్టుక మీద అనుమానం వస్తే స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు నెట్‌లో ఉచితంగా ఉంది, చాలా మాటలకి మూలం చెప్తుంది. క్లాసు కావాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది, దిల్లీలో సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి పేరిచ్చిన సెర్వాంతెస్ సంగతి కూడా చెప్పాలి. 1605లో ‘దోన్ కిఖోతె’ మొదటి భాగం వచ్చింది. ఆ కథ అసలు అరబీలో సిదె అమేతె బెనెంఖెలి అనే ముసన్నిఫ్ రాశాడని, తోలేదో బజార్లో దొరికిన ఆ కాగితాల్ని ఒక మొరీస్కో చేత తర్జుమా చేయించానని సెర్వాంతెస్ కల్పించాడు. కూలీ రెండు అర్రోబాల కిస్‌మిస్, రెండు ఫనేగాల గోధుమలు. అర్రోబా, ఫనేగా రెండూ అరబీ కొలతలే. అర్రోబా అంటే ‘రుబ్’, పావు వంతు. ఇప్పుడు ఈమెయిల్‌లో వచ్చే ఆ చుట్ట గుర్తుని స్పానిష్‌లో అర్రోబా అనే పిలుస్తారు. రెండో భాగంలో దోన్ కిఖోతె తన నౌకరు సాంచోకి భాష క్లాసు కూడా తీసుకుంటాడు. ‘అల్’తో మొదలయ్యేవన్నీ మూర్‌ల మాటలే అని ఒక జాబితా చదువుతాడు. ఆ జాబితాలో ‘అల్మోర్సార్’, భోంచేయడం, లాతీనీ మాట. కొత్త షాగిర్దులు ఆ సూత్రాన్ని వాడుకోండి, పూర్తిగా నమ్మకండి.

1605కీ 1615లో వచ్చిన ఆ రెండో భాగానికీ మధ్య ఘోరం జరిగిపోయింది. 1609 నుంచి 1614 దాకా మూడో ఫిలిప్ హుకుంతో సుమారు 3 లక్షల మంది మొరీస్కోల్ని ముల్క్‌ నుంచి వెళ్లగొట్టారు. అందులో అరబీ ముక్క రానివాళ్లు చాలామంది. స్పానిష్‌లోనే ఏడుస్తూ ఓడలెక్కారు. నేర్చుకోండి అన్నారు, నేర్చుకున్నారు. అయినా ఉండనివ్వలేదు. తునిసియాలోని తెస్తూర్ లాంటి బస్తీలు కట్టుకుని, అక్కడా స్పానిష్ చదివారు, రాశారు. జలావతన్‌లో ఉండి ఇస్లాం గురించి స్పానిష్‌లో కితాబ్ రాసిన ఒకాయన, లోపె దె వేగా కవితల్ని మధ్యలో తలుచుకున్నాడు. వెళ్లగొట్టినవాళ్ల జబాన్ అప్పటికి వాళ్ల సొంతం అయిపోయింది మరి.

ఇక్బాల్ ‘మస్జిదె ఖుర్తుబా’ చదివి ఆ స్తంభాల కోసం నిట్టూర్చే అలవాటు మనకి ఉంది. స్తంభాలు ఖుర్తుబాలోనే ఉంటాయి. మాటలు మాత్రం 20 దేశాల్లో, కోట్ల నోళ్లలో తిరుగుతున్నాయి, అల్లాహ్ పేరుతో సహా. ‘ఓఖలా’ అని ఒక మాట ఉంది, ‘అట్లా జరిగితే బాగుండు’ అని. అందలూస్ అరబీలో ‘అల్లాహ్ తలిస్తే’ అనే మాట నుంచి వచ్చింది. పాదిరీ అంటాడు, దేవుణ్ని నమ్మనివాడూ అంటాడు.

మనకి ఫర్మానా లేదు, మూడేళ్ల గడువు లేదు, ఇంటి జబాన్ వదులుకొమ్మని ఎవరూ అనడం లేదు. ఉర్దూ, తెలుగు రెండూ నోట్లో ఉంచుకునే స్పానిష్ నేర్చుకోవచ్చు. నూఞెస్ ములేయ్ అడిగింది కూడా ఇంతే. ఇవాళ రాత్రి ఓ నోట్‌బుక్ తీసి పది మాటలు తెలుగులో రాసుకోండి: ఫులానో, అల్కిలేర్, నరాంఖా, అసూకర్, సందీయా, అసాఫ్రాన్, సేరో, ఆస్తా, మాయెస్త్రో, ఓఖలా. పక్కన మన మాట రాయండి. గట్టిగా చదవండి, ఇంట్లోవాళ్లకీ వినిపించేట్టు. రేపు ఇంకో పది.